మలుపు ఉన్న సగం

భిలాయి మొత్తం మీద ఎవరింట్లోనూ లేనిది తన ఇంటి వెనక వసారాలో ఉందని నరసింగరావుకి గొప్ప గర్వం. అది నిజమే. కాకపోతే ఆయన దగ్గర ఉన్నది సగమే. మిగతా సగం అదే సెక్టర్ ఆరులో, నాలుగు వీధుల అవతల, దేవానందం క్వార్టర్లో ఉంది.

ఉన్నది రైలు. బొమ్మ రైలు అని ఎవరైనా నోరు జారితే ఆయనకి ఒళ్ళు మండేది. "బొమ్మ కాదు, మోడల్" అని మొదలుపెట్టి, హెచ్‌ఓ స్కేలంటే ఏమిటో, అసలు బండిని ఎనభై ఏడో వంతుకి ఎలా కుదిస్తారో అంతా విడమరిచి చెప్పేవాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడు పాపం ఒకసారి మాట వరసకి అడిగి, సిలిండర్ భుజం మీద ఉండగానే పాఠమంతా విన్నాడు. ఆ తర్వాత వాడు బండ గుమ్మంలోనే దించి పోవడం మొదలుపెట్టాడు.

నరసింగరావు స్టీల్ ప్లాంటు లోపలి రైళ్ళలో ఇంజిన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. దేవానందం అదే యార్డులో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, పచ్చజెండా ఎర్రజెండా ఊపి ఇంజిన్‌ని ముందుకీ వెనక్కీ రప్పించడం అతని పని. నరసింగరావుది విజయనగరం దగ్గర, దేవానందానిది భీమిలి దగ్గర. ఆయన సింహాచలం అప్పన్న భక్తుడు, ఇతను ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడే మనిషి. దేవానందం వయసులో చిన్నవాడు కాబట్టి 'అన్నా' అని పిలిచేవాడు. ఇద్దరూ ఉద్యోగంలో ఉండగానే తమ యార్డునే చిన్నగా చేసుకుందామని మొదలుపెట్టారు. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు, బొగ్గు దించే చోటు, పాయింట్స్‌మన్ కూర్చునే క్యాబిన్, అన్నీ ఉన్నవున్నట్టుగా.

మొదట్లో అంతా ఒకే బల్ల మీద, దేవానందం ఇంట్లోనే ఉండేది. ఒక క్రిస్మస్‌కి అతని భార్య డోర్కాస్, "వొచ్చిన చుట్టాలు ఎక్కడ పడుకోవాలి, మీ పట్టాల మీదా?" అని అడిగేసరికి బల్లని రెండు ముక్కలు చేసి చెరొకటీ ఉంచుకోవాలని తేల్చారు. అక్కడే తెలివైనవాడెవడూ చెయ్యని పని ఒకటి చేశారు. ఎవరి ముక్క మీద వాళ్ళకి బండి తిరిగేలా కోసుకోవచ్చు. అలా కొయ్యలేదు. యార్డూ, ఫర్నేసూ, బళ్ళు నిలిచే లైన్లూ నరసింగరావు వైపు వచ్చాయి. బండి చుట్టు తిరిగి వెనక్కి వచ్చే మలుపూ, దానికి కరెంటిచ్చే పెట్టె కూడా దేవానందం వైపు వెళ్ళాయి. అంటే ఈయన దగ్గర బండి నిలబడుతుంది గాని కదలదు. అతని దగ్గర కదులుతుంది గాని చేరడానికి ఊరుండదు.

"ఇలగైతే వారం వారం కలవక చస్తామేటి?" అన్నాడు నరసింగరావు అప్పుడు. ఆ ఆలోచన ఆయనదే. దానికి ఆయన ఎంత మురిసిపోయాడంటే, సొంత పెళ్ళికి కూడా అంత మురిసి ఉండడని భార్య గున్నమ్మ అనేది.

అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. ఆదివారం చర్చి అవగానే దేవానందం తెల్లచొక్కా కూడా మార్చుకోకుండా తన సగాన్ని రిక్షాలో పెట్టుకొని వచ్చేవాడు. రెండు సగాలూ ఎదురెదురుగా పెట్టి బోల్టులు బిగించేవారు. నరసింగరావు అతుకు మీద గోరు పెట్టి చూసి, "రవ్వంత ఎత్తుంది" అనేవాడు. ఎత్తు లేకపోయినా అనేవాడు. తర్వాత దేవానందం తెచ్చిన సగం మీద దుమ్ము తుడిచి, అతను వారమంతా కూర్చొని నాటిన చెట్టునో గేటునో పీకి, అది ఉండాల్సిన చోట పెట్టేవాడు. ఆ పైన బండి బయలుదేరేది. మలుపు తిరిగి ఇంజిన్ మొహం కనిపించగానే నరసింగరావుకి ప్రతిసారీ చిన్నపిల్లాడికి వచ్చినంత సంబరం వచ్చేది. దాన్ని దాచుకోవడానికి ఏదో ఒక తప్పు పట్టేవాడు.

ఈ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచీ దేవానందం రావడం లేదు. ఒక వారం డోర్కాస్‌కి మోకాలి నొప్పి. ఇంకో వారం ఇంట్లో ప్రార్థన కూటం. ఆ తర్వాత చెమ్మకి తన సగం ఉబ్బిపోయిందనీ, ఆరనిచ్చి తెస్తాననీ ఫోను. నరసింగరావు అన్నీ నమ్మాడు. నమ్మడమే కాదు, ఆ ఖాళీలో కరిగిన ఇనుము మోసే లాడిల్ బండి ఒకటి తయారు చేశాడు. లోపల ఎర్ర బల్బు పెట్టాడు. వెలిగిస్తే అచ్చం అప్పుడే ఫర్నేసు నుంచి నింపినట్టుండేది. దేవానందానికి చెప్పలేదు. మలుపు తిరిగి ఆ ఎర్రటి వెలుగు ఎదురుగా వచ్చినప్పుడు అతని మొహం చూడాలి. ఆయన కోరికల్లా అదొక్కటే.

వానలు ఎంతకీ తెరిపి ఇవ్వకపోయేసరికి ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. పాపం దేవా సగం చెమ్మకి పాడవుతోంది కదా, దానికి మంచి మూత ఒకటి చేయించి ఇద్దామని. స్కూటర్ తీసుకొని క్యాంప్ టూలో రమాకాంత్ వడ్రంగి దుకాణానికి వెళ్ళాడు.

రమాకాంత్ తాత టెక్కలి నుంచి వచ్చినవాడు. రమాకాంత్‌కి టెక్కలి ఎటు వైపుందో తెలియదు గాని తెలుగు కొంచెం తెలుసు. నరసింగరావుని చూడగానే రంపం పక్కన పెట్టి నవ్వాడు.

"ఆయియే అంకుల్. దేవా అంకుల్ డబ్బా తీస్కెళ్ళడానికి వొచ్చినారా? బస్, పాలిష్ ఒక్కటే బాకీ."

"ఏ డబ్బా?"

రమాకాంత్ లోపలి నుంచి ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. సూట్‌కేసంత ఉంది. లోపల పలకలు పొందిగ్గా అమర్చి ఉన్నాయి.

"ఇంత చిన్నదేట్రా? దీన్లో ఏటి పడతాది?"

"రైలే అంకుల్. కొత్త రైలు ఛోటా వాలా అంట గదా. ఎన్ స్కేల్ అన్నారు. పాతదాంట్లో సగం ఉంటాది, డబ్బాలో పెట్టీసుకొని ఎక్కడికైనా తీస్కెళ్ళొచ్చంట. ఇప్పుడంతా అదే చేస్తన్నారు అంకుల్." రమాకాంత్ పెట్టె మీద అరచేత్తో తట్టాడు. "కొత్త కర్ర కొనక్కర్లేదన్నారు. పురానా వాలా బల్ల గట్టిగుంది, దాన్నే కోసీమన్నారు. కోసీసినాను."

నరసింగరావు పెట్టెని తిరగేశాడు. అడుగు పలక మీద పెన్సిల్ గీత ఒకటి వంపు తిరిగి అంచు దగ్గర తెగిపోయి ఉంది. ఆ గీత ఆయన గీసిందే. మేకుకి దారం కట్టి, దారం చివర పెన్సిల్ పెట్టి, ఊపిరి బిగబట్టి గీసిన మలుపు. దాని పక్కన పట్టాల మేకులు దిగిన చిల్లులు ఇంకా ఉన్నాయి. మేకులు ఊడబెరికినట్టు లేవు. ఓపిగ్గా, ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు తీశారు.

ఆయన వేలు ఆ గీత వెంట అంచు దాకా వెళ్ళి ఆగింది.

"మీకు తెలీదా అంకుల్?" రమాకాంత్ మొహంలో నవ్వు పోయింది.

"తెలుసు. తెలీకపోడమేటి?" అన్నాడు నరసింగరావు. "చూద్దామనే వొచ్చినాను. బాగా చేసినావు."

ఇంత జరిగాక కూడా, దేవానందం తనకి చెప్పలేదన్న సంగతి ఒక వడ్రంగికి తెలియకూడదని ఆయన ఆరాటపడ్డాడు. మూత మాట ఎత్తకుండా స్కూటర్ ఎక్కాడు. పవర్ హౌస్ సెంటర్లో ఆటోలు అడ్డం వచ్చి హారన్లు కొట్టినా ఆయనకి వినిపించలేదు. ఒకటే మాట బుర్రలో గిరగిరా తిరిగింది. కోసీమన్నారు. కోసీసినాను.

ఇంటికి వచ్చేసరికి గున్నమ్మ ముందుగదిలో తోటకూర బాగుచేస్తోంది. చెప్పులైనా విప్పకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"దేవా స్కేలు మార్చీసినాడు."

గున్నమ్మ తల ఎత్తలేదు. కాడ ఒకటి విరిచి పీచు తీసింది. "కూకోండి, మంచినీళ్ళు తెస్తాను" అంది.

స్కేలంటే ఏమిటని ఆమె అడగలేదు. దేనికి మార్చాడనీ, ఎప్పుడు మార్చాడనీ కూడా అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ రైలు గురించి ఏం చెప్పినా "అంటే ఏటండీ" అని అడిగే మనిషి.

"నీకు ముందే తెలుసు" అన్నాడు నరసింగరావు.

"డోర్కాస్ చెప్పింది."

"ఎప్పుడు?"

"వానలు మొదట్లో."

"వానలు మొదట్లో!" ఆయన గొంతు పెరిగింది. "అంటే నాను ఆ వసారాలో కూకొని లాడిల్ బండికి రంగులేసుకుంటా ఉంటే, నువ్వు టీ తెచ్చి ఇస్తా, నన్ను చూసి లోపల్లోపల నవ్వుకున్నావా?"

"నవ్వలేదు." గున్నమ్మ తోటకూర పక్కకి జరిపింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏ పూట చెప్పమంటారు? రోజూ చెబుదామనే వొచ్చేదాన్ని. మీరేమో ఆ ఎర్ర బల్బు వెలిగించి, 'దేవా మొహం చూడాలే' అని పిల్లాడిలాగ నవ్వేవోరు. నాకు నోరు రాలేదు. ఆయన చెప్పుకోవాల్సింది, ఆయనే చెప్తాడులే అనుకున్నాను."

ఇక్కడ ఆమె తప్పు పెద్దగా లేదు. కాని ఆ క్షణంలో నరసింగరావుకి న్యాయం అక్కర్లేదు. వడ్రంగికి తెలుసు, డోర్కాస్‌కి తెలుసు, కట్టుకున్న పెళ్ళానికి తెలుసు. సెక్టర్ ఆరులో తెలియనివాడు తనొక్కడే. ఆయన ఆమె తెస్తానన్న నీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగి వీధిలోకి నడిచాడు.

వాన వెలిసి ఎండ చురుక్కుమంటోంది. దేవానందం ఇంటి తలుపు డోర్కాస్ తీసింది. ఆయన్ని చూసి, "రండి బావగారూ" అని, వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళిన తీరులోనే అంతా ఉంది.

ముందుగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల. దాని మీద అగ్గిపుల్లంత సన్నటి పట్టాలు, పెసరగింజలంత మనుషులు. దేవానందం కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకొని వంగి ఉన్నాడు. నరసింగరావు చెప్పుల చప్పుడుకి లేచి నిలబడ్డాడు.

"అన్నా."

"రమాకాంత్ దగ్గర్నుంచి వొస్తన్నాను."

దేవానందం భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఉన్నాను. ఇంట్లో కూటానికి జనం పెరిగినారు. చోటు..."

"చోటా? ఈ గది నిన్న కట్టినారేటి? ఇరవై ఏళ్ళు పట్టిన బల్ల ఇవాళ పట్టలేదా?"

"నడుం నొప్పన్నా. ప్రతి ఆదివారం అంత బల్ల రిక్షాలోకి ఎత్తడం..."

"నాను వొచ్చి ఎత్తేవోణ్ణి! లేదంటే మొత్తం మా ఇంట్లో పెట్టీసేవోణ్ణి. నువ్వు ఊరికే చేతులూపుకుంటా వొస్తే సరిపోయేది. ఒక్క మాట అంటే చేసేవోణ్ణి కాదేటి?"

"చేసేవోడివి" అన్నాడు దేవానందం. "అందుకే అనలేదు."

నరసింగరావుకి అర్థం కాలేదు. దేవానందం కుర్చీ జరిపాడు గాని కూర్చోలేదు.

"నువ్వు కోప్పడకుండా విను. ఎన్నో ఏళ్ళు డ్యూటీలో నా జెండా చూసి నువ్వు బండి కదిపినావు. నేను ఎర్రది చూపిస్తే ఆగినావు. ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు. ఇంట్లో మాత్రం నా మాట ఒక్కటి సాగనిచ్చినావా? నా సగం అన్నావు. ఆ సగంలో నేను నాటిన చెట్టు ఒక్కటి నాటిన చోట ఉందా? క్యాబిన్‌కి నేను పచ్చరంగు వేస్తే, నేను పక్కనుండగానే దాని మీద పసుపు వేసినావు."

"అసలు క్యాబిన్ పసుపే!"

"పసుపే. నువ్వన్నది రైటే. ఎప్పుడూ నువ్వన్నదే రైటు. నేను చేసింది తప్పే అన్నా, ఒప్పుకుంటన్నాను. కాని అది నేను చేసింది." దేవానందం కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "చర్చి నుంచి వొస్తా వొస్తా, ఇవాళ ఏటి పీకుతాడో అనుకుంటా వొచ్చేవోణ్ణి. ఆదివారం పూట."

నరసింగరావు నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు. "చెయ్యి పెట్టొద్దని ఒక్కసారి అంటే పోయేది గదరా. దీనికోసం బల్ల కోయించీసినావా?"

"అన్నాను. చాలాసార్లు అన్నాను. నీకు వినపడలేదు." దేవానందం బల్ల వైపు చూశాడు. "హెచ్‌ఓలో ఉన్నంతకాలం నువ్వు చెయ్యి పెడతావు. అందుకే ఇది తీసుకున్నాను. ఇది చాలా చిన్నది. నీ వేళ్ళు దీన్లో పట్టవు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

నరసింగరావు తన చేతుల వైపు చూసుకున్నాడు. పెద్ద చేతులు. కుడి చూపుడు వేలు డ్యూటీలో పెట్టెల్ని కలిపే కప్లింగు మధ్య నలిగి సరిగ్గా వంగదు. చోటు లేక కాదు, నడుం నొప్పికి కాదు. దేవా ఈ చేతుల కొలత చూసుకొని, అవి పట్టని రైలు ఏరుకున్నాడు. శత్రువు కూడా ఇంత లెక్కగా దెబ్బ కొట్టడని ఆయనకి అనిపించింది. ఆదివారాలన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. ఆయన సంబరపడిన ప్రతి ఆదివారమూ ఎదుటి మనిషి పళ్ళ బిగువున భరించిందే. బల్ల కోసినందుకు కలిగిన కోపం ఈ బాధ ముందు చిన్నదైపోయింది. ఇరవై ఏళ్ళు తనకి స్నేహితుడున్నాడనుకున్నాడు. అతను మాత్రం అన్నేళ్ళూ బయటపడే దారి వెతుక్కున్నాడు.

ఏం చెయ్యాలో తెలియనప్పుడు దేవానందం ఎప్పుడూ చేసే పనే ఇప్పుడూ చేశాడు. స్విచ్ నొక్కాడు. మిడతంత ఇంజిన్ నాలుగు పెట్టెలు లాక్కుంటూ బయలుదేరింది. బల్ల చివర మలుపు తిరిగి కిటికీ వైపు వచ్చింది. అక్కడ తుళ్ళి పక్కకి ఒరిగిపోయింది.

నరసింగరావు చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది. దేవానందం ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. పిల్లాణ్ణి పొయ్యి దగ్గరకి పోనివ్వకుండా పట్టుకున్నట్టు.

"నేను చూస్తాను అన్నా."

నరసింగరావు చెయ్యి వెనక్కి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. దేవానందం భూతద్దం పెట్టుకొని, పట్టకారుతో పెట్టెల్ని ఒక్కొక్కటే లేపి పట్టాల మీద పెట్టాడు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ కిటికీ దగ్గరే ఒరిగింది.

తప్పు ఎక్కడుందో నరసింగరావుకి మొదటిసారే తెలిసిపోయింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి సూటిగా ఆ పట్టా మీద పడుతోంది. అతుకు దగ్గర రవ్వంతైనా సందు వదల్లేదు. పట్టా వేడికి పెరిగితే ఎటు పోతుంది, పైకి లేస్తుంది. యార్డులో బండి నడిపినవాళ్ళు ఎండాకాలం రోజూ చూసేదే. కిటికీ తెర దించితే చాలు. ఒక్క మాట.

దేవానందం పట్టాకి కళ్ళు ఆనించి ఈ వైపు నుంచీ ఆ వైపు నుంచీ చూశాడు. చక్రాలు తుడిచాడు. మూడోసారీ పడిపోయింది. అతని నుదుటి మీద చెమట పట్టింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎందుకు పడిపోతంది అన్నా?"

ఆ గొంతులో పాత రోజులున్నాయి. మాట నరసింగరావు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పాలనే ఉంది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అడగకుండానే చెప్పాడు. ఇవాళ దేవా అడిగాడు, మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. అయినా ఆయనకి చెప్పబుద్ధి కాలేదు. అతను పట్టుకున్న చోట మణికట్టు ఇంకా మండుతోంది.

"నాకేటి తెలుసు దేవా?" అన్నాడు. "ఇది నాకు తెలీని స్కేలు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. దేవానందం తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాడు. ఆ తర్వాత మళ్ళీ వంగి, పెట్టెలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

నరసింగరావు గుమ్మం దాటాడు. డోర్కాస్ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వెనకాలే వచ్చింది.

"మనసులో పెట్టుకోకండి బావగారూ. రైలు లేకపోతే ఏటి, మీరు ఎప్పట్లాగే ఉండండి. ఆదివారం ఇటే రండి. భోజనం ఇక్కడే చేద్దురు."

ఆయన గేటు గొళ్ళెం పట్టుకొని ఆగాడు. లోపల మోటారు చప్పుడు మొదలై, కొంచెం దూరం వచ్చి, ఆగిపోయింది.

"వొచ్చి ఏటి చెయ్యనమ్మా?" అన్నాడు.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. దేవానందం ఎదురుగా కూర్చొని, దేని మీదా చెయ్యి వెయ్యకుండా, ఏదీ సరిచెయ్యకుండా, ఒక ఆదివారం ఎలా గడపాలో ఆయనకి తెలియదు. డోర్కాస్ ఆయన జవాబు కోసం చూస్తున్నాడని గ్రహించి తల దించుకుంది. ఆయన ఇంకాసేపు అలాగే నిలబడి, గేటు తీసి ఇంటి వైపు నడిచాడు.